కొలనోస్కోపీ నాణ్యతను ఎలా కొలవాలి?

గూడూరు నుంచి కాట్పాడి వెళ్లే రైలు మార్గం శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా సాగుతుంది. పేగు జబ్బు మందులకు లొంగకపోతే ఈ ప్రాంతపు జనం పట్టే దారి కూడా దాదాపు అదే. ముందు శ్రీకాళహస్తి ఏరియా ఆసుపత్రిలోనో, ఊళ్లో నర్సింగ్ హోంలోనో చూపించుకుంటారు. అక్కణ్నుంచి తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులకో, ఏదైనా ప్రైవేటు గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికో వెళతారు. అక్కడా తేలకపోతే కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతారు. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునేముందు డాక్టరు పేరేమిటి, ఫీజెంత, మనకు తెలిసినవాళ్లెవరికైనా అక్కడ నయమైందా అని విచారిస్తారు. ఆ విభాగంలో కొలనోస్కోపీ ఎంత నాణ్యంగా చేస్తారని అడిగేవాళ్లు లేరు. అడిగినా జవాబు చెప్పడానికి చాలాచోట్ల లెక్కే ఉండదు.

ఆ లెక్క ఎలా వేయాలన్నదానిపై వైద్య ప్రపంచంలో పాతికేళ్లుగా చర్చ నడుస్తోంది. మొదట్లో సూటిగానే ఉన్న చర్చ ఇప్పుడు చిక్కుపడింది. ఒక్క అంకె చాలని కొందరు, ఆ అంకెను నమ్మరాదని కొందరు, అంకెలన్నీ పాశ్చాత్య దేశాలవి గనుక మనకు పనికిరావని మరికొందరు అంటున్నారు. ఈ వాదాలు ఎక్కడ పుట్టాయి, ఏది ఎంతవరకు నిలుస్తుంది, తిరుపతి చుట్టుపక్కల రోగులకు వీటిలో ఏది అక్కరకొస్తుంది అన్నది ఈ సమీక్ష విషయం.

పరీక్ష ఒకటే, చేతులు వేరు

రక్తపరీక్షలో యంత్రం అంకె ఇస్తుంది. కొలనోస్కోపీ పూర్తిగా మనిషి చేతి మీద, కంటి మీద ఆధారపడిన పరీక్ష. సుమారు ఐదడుగుల పొడవున్న పెద్దపేగులోకి మలద్వారం గుండా గొట్టాన్ని పంపి, చిన్నపేగు వచ్చి కలిసే చోట ఉన్న సీకం దాకా తీసుకెళ్లి, వెనక్కి లాగుతూ గోడలను పరిశీలిస్తారు. పాలిప్ (పేగు గోడమీద పెరిగే కండ) కనబడితే చాలావరకు అక్కడికక్కడే వైరు ఉచ్చుతో కోసి తీసేస్తారు. పాలిప్‌లలో అడినోమా అనే రకం ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్ కావచ్చు. దాన్ని ముందే తీసేస్తే ఆ ముప్పు తప్పుతుంది. గొట్టంతో పాలిప్‌ను తీసే పద్ధతిని 1969లో న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ మొదలుపెట్టారు. దానివల్ల క్యాన్సర్లు నిజంగానే తగ్గుతాయని 1993లో అమెరికా జాతీయ పాలిప్ అధ్యయనం చూపింది. అడినోమాలు తీయించుకున్నవారిలో రావలసినదానికంటే 76 నుంచి 90 శాతం తక్కువ క్యాన్సర్లు వచ్చాయని అది లెక్కగట్టింది.

ఆ ఉత్సాహం మీద 1997లో డగ్లస్ రెక్స్ బృందం నీళ్లు చల్లింది. వాళ్లు 183 మంది రోగులకు ఒకే రోజు రెండేసిసార్లు కొలనోస్కోపీ చేశారు. మొదటిసారి కంటపడని అడినోమాలు 24 శాతమని తేలింది. సెంటీమీటరు, ఆపై సైజున్న వాటిలో కూడా 6 శాతం తప్పిపోయాయి. చేసినవాళ్లు అనుభవజ్ఞులే. అప్పటినుంచి ‘కొలనోస్కోపీ చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు’ అనే మాటకు ‘ఎవరు చేశారు, ఎలా చేశారు’ అనే ప్రశ్న తోడైంది.

బ్రిటన్ తన మొహం అద్దంలో చూసుకున్న వేళ

ఈ చర్చలో అన్నిటికంటే నిజాయితీగల పత్రం బ్రిటన్‌ది. పెద్దపేగు క్యాన్సర్‌కు జాతీయ స్క్రీనింగ్ (లక్షణాల్లేనివారినీ పరీక్షించే కార్యక్రమం) పెట్టబోయేముందు అక్కడివాళ్లు తమ విభాగాలను తామే తనిఖీ చేసుకున్నారు. మూడు ప్రాంతాల్లోని 68 విభాగాల్లో చేసిన 9,223 కొలనోస్కోపీల ఫలితాలను 2004లో ప్రచురించారు. సీకం దాకా వెళ్లామని డాక్టర్లు రాసుకున్నవి 76.9 శాతం. వెళ్లినట్టు గట్టి గుర్తులున్న కేసులనే లెక్కలోకి తీసుకుంటే అది 56.9 శాతానికి పడిపోయింది. తమ మొదటి వంద కొలనోస్కోపీలను సీనియర్ల పర్యవేక్షణలో చేసినవాళ్లు డాక్టర్లలో 17 శాతమే.

ఆ అంకెలను దాచకపోవడమే వాళ్లను ముందుకు నడిపింది. శిక్షణ కేంద్రాలు పెట్టారు. ప్రతి విభాగం తనను తాను అంచనా వేసుకునే గ్లోబల్ రేటింగ్ స్కేల్‌ను 2004లో తెచ్చారు. 1994 నుంచి ఉన్న జాగ్ అనే సంయుక్త సలహా బృందం విభాగాలకు గుర్తింపు ఇవ్వసాగింది. ఇంగ్లండులో 2006లో స్క్రీనింగ్ మొదలైంది. అందులో కొలనోస్కోపీ చేయాలంటే డాక్టరు విడిగా పరీక్ష నెగ్గాలి. 2011లో 302 విభాగాల్లో 20 వేలకు పైగా కేసులను మళ్లీ తనిఖీ చేస్తే సీకం చేరిన శాతం 92.3 అయింది. పాత పత్రంలో సగటు కంటే 76.9కీ, 56.9కీ మధ్య తేడాయే మనవాళ్లు గమనించాల్సింది. రిజిస్టరులో రాసుకున్నది ఒకటి, రుజువు చూపగలిగింది ఇంకొకటి.

ఒక్క అంకె చాలనే వాదం

అమెరికాలో చర్చ వేరే దారిలో నడిచింది. 2002లో అక్కడి నిపుణుల సంఘాలు కలిసి అడినోమా డిటెక్షన్ రేటు, వాడుకలో ఏడీఆర్, అనే కొలతను ప్రతిపాదించాయి. లక్షణాలేవీ లేకుండా స్క్రీనింగ్‌కు వచ్చిన, యాభై దాటిన ప్రతి వంద మందిలో ఎందరిలో కనీసం ఒక్క అడినోమా అయినా దొరికిందన్నదే ఆ రేటు. మగవారిలో 25, ఆడవారిలో 15 శాతం ఉండాలన్నారు. మొదట అది నిపుణులు పెట్టుకున్న అంచనా మాత్రమే. ఆ అంచనాకు రుజువులు తర్వాత దొరికాయి.

2010లో పోలండ్ నుంచి మిఖాల్ కమిన్‌స్కి బృందం 186 మంది డాక్టర్లు, 45,026 మంది రోగుల వివరాలను క్యాన్సర్ రిజిస్ట్రీతో సరిపోల్చింది. ఏడీఆర్ 20 శాతం లోపున్న డాక్టర్ల రోగులకు, పరీక్షలో ఏమీ లేదన్న తర్వాత క్యాన్సర్ బయటపడే ముప్పు, 20 దాటిన డాక్టర్ల రోగులతో పోలిస్తే పది రెట్లకు పైగా ఉంది. 2014లో కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే వ్యవస్థలో డగ్లస్ కోర్లీ బృందం 3,14,872 కొలనోస్కోపీలను చూసింది. అక్కడి 136 మంది డాక్టర్ల ఏడీఆర్ 7.4 నుంచి 52.5 శాతం దాకా పరుచుకుని ఉంది. రేటు ఒక్క శాతం పెరిగిన కొద్దీ క్యాన్సర్ ముప్పు 3 శాతం తగ్గింది. 2017లో పోలండ్ నుంచే ఇంకో మెట్టు. రేటు పెంచుకున్న డాక్టర్ల రోగుల్లో ముప్పు నిజంగానే తగ్గిందని చూపారు. దాంతో ఏడీఆర్ మకుటంలేని మహారాజైంది. అమెరికాలో లక్ష్యం 2015లో 25కు, 2024లో 35 శాతానికి పెరిగింది.

ఈ వాదంలో బలముంది. పేగులో జరిగే పనిని రోగికి ఎదురయ్యే ముప్పుతో ముడిపెట్టి, అంత పెద్ద సంఖ్యల మీద రుజువైన కొలత ఎండోస్కోపీలో ఇంకొకటి లేదు.

అంకెతో ఆటలు

మార్కుల మీద పేరు ఆధారపడ్డప్పుడు బళ్లు ఏం చేస్తాయో మనకు తెలుసు. పదో తరగతిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత కోసం బలహీనంగా ఉన్న పిల్లలను తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపేసే బళ్లున్నాయి. ఏడీఆర్‌కూ అటువంటి దొడ్డిదారులున్నాయి. ఒక అడినోమా దొరికితే ఆ రోగి లెక్కకు ఎక్కినట్టే గనుక, రెండోదాన్ని వెతకడంలో శ్రద్ధ సడలవచ్చు. ఏమీ దొరకని రోగిని స్క్రీనింగ్ జాబితా నుంచి తప్పించి ‘కడుపునొప్పికి చేశాం’ అని రాసుకోవచ్చు. చిన్నాచితకా పాలిప్‌లన్నీ తీసి అంకె పెంచుకోవచ్చు.

మొదటిదానికి విరుగుడుగా రోగికి సగటున ఎన్ని అడినోమాలు దొరికాయో లెక్కించమన్నారు. రెండోదానికి విరుగుడుగా 2024 అమెరికా సూచనలు 45 దాటినవారిలో స్క్రీనింగ్, లక్షణాలతో వచ్చినవారు, పాత పాలిప్‌ల తర్వాత తిరిగి చూపించుకునేవారు అందరినీ ఒకే గంపలో వేశాయి. ఈ రెండో మార్పుకు అమెరికాలో దక్కినదానికంటే మన దగ్గర ఎక్కువ విలువ ఉంది. ఎందుకో మున్ముందు వస్తుంది.

అడినోమాలతో పాటు కుడివైపు పేగులో చదునుగా, గోడ రంగులోనే కలిసిపోయి ఉండే సెరేటెడ్ పాలిప్‌లున్నాయి. ఏడీఆర్ వాటిని లెక్కించదు. 2024లో వాటికి విడిగా 6 శాతం లక్ష్యం పెట్టారు. ఇక ఏడీఆర్‌కు చివరి సాక్షి పాథాలజిస్టు. ఆయన అవునంటేనే అది అడినోమా. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి రోగి బంధువుల చేతికిచ్చి ల్యాబ్‌కు పంపే పద్ధతి మన చిన్న ఆసుపత్రుల్లో ఇంకా ఉంది. ఆ రిపోర్టు రోగి ప్లాస్టిక్ కవర్లోకి చేరుతుంది తప్ప ఎండోస్కోపీ గది రిజిస్టరుకు తిరిగి రాదు. అలాంటిచోట ఏడీఆర్ లెక్కించడం ఆ గదిలోని వాళ్లకు సాధ్యం కాదు.

మెట్లను కొలిచేవారు

రెండో పక్షంవారు ఫలితాన్ని పక్కనబెట్టి పనిలోని మెట్లను కొలవమంటారు. సీకం చేరారా, పేగు శుభ్రంగా ఉందా, వెనక్కి లాగడానికి ఎంతసేపు పట్టింది. 2017 ఐరోపా సూచనలు సీకం చేరడం, శుభ్రతలకు ఏడీఆర్, పాలిప్ తీసిన పద్ధతి, ఇబ్బందులు, రోగి అనుభవం, తర్వాతి పరీక్ష ఎప్పుడో సరిగా చెప్పడం కలిపి ఏడు ముఖ్య కొలతలు పెట్టాయి.

సమయం సంగతి ముందు చూద్దాం. 2006లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో రాబర్ట్ బార్క్‌లే బృందం పన్నెండుమంది డాక్టర్లను పోల్చింది. గొట్టం వెనక్కి లాగడానికి సగటున ఆరు నిమిషాలు, అంతకుమించి తీసుకున్నవారికి 28.3 శాతం మందిలో పెరుగుదలలు దొరికాయి. తొందరపడినవారికి 11.8 శాతం మందిలోనే. అప్పటినుంచి ‘ఆరు నిమిషాలు’ మంత్రమైంది. కానీ 2008లో బోస్టన్‌లో ఒక ఆసుపత్రి ఏడు నిమిషాలను నియమంగా పెట్టింది. దాదాపు అందరూ పాటించారు, దొరికిన పాలిప్‌లు మాత్రం పెరగలేదు. గడియారం చూస్తూ కూర్చున్నవాడికీ, మడతలను విప్పి చూసేవాడికీ సమయం ఒకటే పట్టవచ్చు. తర్వాత 2022లో చైనాలో ఆరు, తొమ్మిది నిమిషాలను చీట్లు వేసినట్టు రోగులకు పంచి పోలిస్తే తొమ్మిదే మేలని తేలింది. 2024లో అమెరికా లక్ష్యం సగటున ఎనిమిది నిమిషాలైంది. సమయం చవకైన కొలత, రాసుకోవడం తేలిక. దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం.

శుభ్రత విషయం మాత్రం మన ప్రాంతంలో ఎక్కువసేపు ఆగి చూడాల్సింది. పేగు ఎంత శుభ్రపడిందో చెప్పడానికి 2009లో బోస్టన్ స్కేల్ వచ్చింది. పేగును కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి. నూటికి 90 మందిలో పేగు సరిపడా శుభ్రంగా ఉండాలన్నది లక్ష్యం.

ఇందుకోసం ముందురోజు రాగి సంగటి, ఆకుకూర, గింజలున్న జామ, టమాటా మానేయాలి. తేట చారు, కొబ్బరినీళ్ల వంటివి తాగవచ్చు. పేగును శుభ్రపరిచే పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలుపుకుని తాగాలి. ఆ రెండు లీటర్లనూ ఒకేసారి ముగించేదానికంటే, సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగితే పేగు బాగా శుభ్రపడుతుందని చాలా అధ్యయనాల్లో రుజువైంది. రాత్రికే ముగిస్తే తెల్లారేసరికి పైనుంచి దిగిన పసరు కుడివైపు పేగు గోడలకు పూతలా అంటుకుంటుంది. చదును పాలిప్‌లు దాక్కునేదీ అక్కడే.

శ్రీకాళహస్తి మనిషికి తిరుపతిలో ఉదయం తొమ్మిదికి టైమిచ్చారనుకుందాం. రెండో సగం తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య తాగాలి. ఏడు గంటలకల్లా బస్సెక్కాలి. కడుపు ఇంకా కదులుతుండగా గంటకు పైగా బస్సులో కూర్చోవడం ఎవరి తరం? అందుకే రాత్రికే మొత్తం తాగేస్తారు. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు నుంచి వచ్చేవారి అవస్థ ఇంకా ఎక్కువ. వేలూరు వెళ్లేవాళ్లు లాడ్జిలో దిగి తాగుతారు, అది నయం. పేగు శుభ్రంగా లేకపోతే ‘రోగి సరిగా తాగలేదు’ అని రాస్తారు. నిజానికి తప్పు అపాయింట్‌మెంట్ పుస్తకానిది. బయటూరివాళ్లకు మధ్యాహ్నం టైమిచ్చి, ఊళ్లోవాళ్లను ఉదయం పిలిస్తే పైసా ఖర్చు లేకుండా ఈ అంకె మెరుగుపడుతుంది. ఏ సూచనల పుస్తకంలోనూ బస్సు టైములుండవు గానీ, నాణ్యత లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.

ఫలితాన్నే కొలవాలనేవారు

మూడో పక్షం వాదన తార్కికంగా గట్టిది. కొలనోస్కోపీ ఉద్దేశం క్యాన్సర్‌ను ఆపడమైతే, పరీక్ష తర్వాత ఆరునెలల నుంచి మూడేళ్ల లోపు ఎంతమందికి క్యాన్సర్ బయటపడిందో అదే లెక్కించండి అంటారు వాళ్లు. ప్రపంచ ఎండోస్కోపీ సంస్థ 2018లో దీనికి నిర్వచనం ఖాయం చేసింది. ఇంగ్లండులో కొలనోస్కోపీ చేయించుకున్న మూడేళ్లలోపు తేలిన పెద్దపేగు క్యాన్సర్లన్నిటిలో, ఇలా పరీక్షలో తప్పిపోయి తర్వాత బయటపడ్డవి 2005లో 9 శాతం, 2013 నాటికి 6.5 శాతమని తేల్చారు. ఆసుపత్రుల మధ్య తేడాలు కూడా బయటపడ్డాయి.

దీనికి రెండు వస్తువులు కావాలి. దేశంలో ప్రతి క్యాన్సర్‌నూ నమోదుచేసే రిజిస్ట్రీ ఒకటి, దాన్ని కొలనోస్కోపీ రికార్డుతో కలిపే గుర్తింపు సంఖ్య ఒకటి. తిరుపతిలో పరీక్ష చేయించుకున్న మనిషి రెండేళ్ల తర్వాత చెన్నైలో ఆపరేషన్ చేయించుకుంటే ఆ సంగతి తిరుపతి డాక్టరు చెవిన పడే ఏర్పాటు మనకు లేదు. 2021లో దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లోని ఆభా సంఖ్య ఎప్పటికైనా ఈ ముడి వేయగలదు. అప్పటిదాకా ఇది మనకు అందని కొలత.

మూడు పక్షాలనూ పక్కపక్కన పెడితే

ఏడీఆర్‌కు రుజువు బలంగా ఉంది, కానీ స్క్రీనింగ్ రోగులు, పాథాలజీతో లంకె, పెద్ద సంఖ్యలు కావాలి. మెట్ల కొలతలకు రుజువు అంత గట్టిది కాదు, కానీ రేపు ఉదయం నుంచే ఏ ఊళ్లోనైనా రాయడం మొదలుపెట్టవచ్చు. ఫలితాల కొలత అన్నిటికంటే నిజాయితీగలది, అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది కూడా. తప్పు జరిగిన మూడేళ్లకు తెలుస్తుంది. బ్రిటన్ మెట్లతో మొదలుపెట్టి ఫలితాల దాకా వెళ్లింది. అమెరికా ఏడీఆర్‌తో మొదలుపెట్టి మెట్లను జతచేసింది. పోలండ్ ఏడీఆర్‌ను శిక్షణకు వాడుకుంది. స్క్రీనింగ్ కేంద్రాల పెద్దలకు ముందు శిక్షణ ఇస్తే మొత్తం కేంద్రం రేటు పెరుగుతుందని అక్కడ 2016లో నిరూపించారు.

మన పేగులు, మన జబ్బులు

ఇక మన సంగతి. పెద్దపేగు క్యాన్సర్ మనదేశంలో అమెరికా, ఐరోపాలతో పోలిస్తే తక్కువ. 2020 గ్లోబోకాన్ అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి కొత్త కేసులు 65 వేల పైచిలుకు. జనాభాతో చూస్తే చిన్న సంఖ్యే. అందుకే 2016లో కేంద్రం రూపొందించిన స్క్రీనింగ్ ప్రణాళికలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు క్యాన్సర్లే ఉన్నాయి. ఆ నిర్ణయం సరైనదే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ కొలనోస్కోపీ అనడం వృథా మాట. ఉన్న డబ్బు, ఉన్న డాక్టర్లు ముందు ఆ మూడింటికే చాలరు.

కాబట్టి మన విభాగాల్లో కొలనోస్కోపీ చేయించుకునేవారిలో అత్యధికులు లక్షణాలతో వచ్చినవారే. రక్తం పడుతోందని, విరేచనాలు ఆగడం లేదని, బరువు తగ్గారని వస్తారు. స్క్రీనింగ్ అంటే మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో చేరినవారు, ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వచ్చిందని భయపడినవారు, అమెరికాలో ఉన్న కొడుకు తనకు నలభై ఐదు దాటగానే అక్కడ చేయించుకుని ‘నాన్నా, నువ్వూ చేయించుకో’ అని ఫోనులో పోరుపెట్టినవారు. అమెరికాలో స్క్రీనింగ్ వయసు 2021లో 45కు దిగింది మరి.

ఈ గుంపులో ఏడీఆర్ 10 శాతమే వచ్చిందనుకోండి. డాక్టరు చూడలేకపోయాడా, లేక మనవాళ్ల పేగుల్లో అడినోమాలే తక్కువా? రెండూ కావచ్చు. 25 లేదా 35 అన్న గీత ఐరోపా, అమెరికా పేగుల మీద గీసింది. దాన్ని తెచ్చి తిరుపతి డాక్టరు తలమీద పెట్టడం అన్యాయం. అలాగని ‘మనకు అడినోమాలు తక్కువండీ’ అని అంకెను మొత్తంగా తోసేయడం తప్పించుకోవడం. ఒకే విభాగంలో, ఒకే రకం రోగులను చూసే ఇద్దరు డాక్టర్లలో ఒకరికి రెండోవారి కంటే మూడురెట్లు దొరుకుతుంటే, జాతీయ సగటు ఎంతన్నది తెలియకపోయినా అక్కడేదో ఉన్నట్టే. బార్క్‌లే బృందం చూపింది సరిగ్గా ఇదే. గీత అరువు తెచ్చుకోనక్కర్లేదు, పోలిక చాలు. 2024 మార్పు ప్రకారం లక్షణాలతో వచ్చినవారినీ కలిపితే మన విభాగాలకూ లెక్కకు సరిపడా రోగులుంటారు.

అసలు పెద్ద లోటు ఇంకోచోట ఉంది. పాశ్చాత్య కొలతల్లో సీకం చేరితే పని అయిపోయినట్టే. మనకు అక్కడే అసలు పని మొదలవుతుంది. పేగు క్షయ ఎక్కువగా పట్టేది చిన్నపేగు చివరి భాగం, సీకం కలిసే ఆ మూలనే. పేగులో వాపు, పుండ్లు తెచ్చే క్రోన్స్ జబ్బు కూడా అక్కడే కూర్చుంటుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, మందులు మాత్రం పూర్తిగా వేరు. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మన లెక్కలో ఇంకో మెట్టుండాలి. విరేచనాలు, బరువు తగ్గడం వంటి లక్షణాలతో వచ్చినవారిలో ఎంతమందికి గొట్టం చిన్నపేగు చివరిదాకా వెళ్లింది? అనుమానమున్నచోట తగినన్ని ముక్కలు తీశారా? వాటిని క్షయ పరీక్షకూ పంపారా? ముఖ్యంగా లక్షణాల్లేనివారి కోసం రాసిన విదేశీ సూచనల్లో దీనికి పెద్దగా చోటు లేదు, వాళ్లకు అంత అవసరమూ లేదు.

వయసు ఇంకో చిక్కు. మనదేశంలో పెద్దపేగు, ముఖ్యంగా మలాశయపు క్యాన్సర్ నలభై లోపువారిలో కూడా చెప్పుకోదగ్గంతగా కనిపిస్తుంది. 45 దాటినవారినే లెక్కించే ఏ కొలతా వీళ్లను పట్టుకోదు. వీళ్లలో చాలామంది రక్తం పడ్డ రోజునుంచీ మొలలనుకుని తిరుగుతారు. ‘మొలలకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం’ అని గోడలమీద రాసుకున్న క్లినిక్కులు మన ప్రతి తాలూకా సెంటర్లోనూ ఉన్నాయి. రక్తం మొదలైన నాటినుంచి గొట్టం వేసేనాటికి ఎన్ని నెలలు గడిచాయన్నది కూడా నాణ్యత లెక్కే. అది ఒక్క విభాగం తప్పు కాకపోవచ్చు, కానీ ఆ అంకెను రాయగలిగేది విభాగం ఒక్కటే.

ఎవరి అంకె, ఎవరికి చూపాలి?

డాక్టరువారీగా అంకెలు గోడమీద పెట్టాలా అన్న ప్రశ్నకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ కాస్త గణితం అడ్డొస్తుంది. వంద మందిలో పాతికమందికి అడినోమా దొరికితే రేటు 25. కానీ వందే కేసులు గనుక ఆ డాక్టరు అసలు రేటు 17 నుంచి 35 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఏడాదికి వంద కొలనోస్కోపీలు కూడా చేయని డాక్టరు అంకె ఈ ఏడు పడి, వచ్చే ఏడు లేస్తుంది, చేయి మాత్రం అదే. అలాంటి అంకెతో ఎవరినైనా మెచ్చుకోవడమూ తప్పే, నిందించడమూ తప్పే.

విభాగం అంకె జనానికి, డాక్టరు అంకె ఆ డాక్టరుకు, విభాగాధిపతికి తెలియడం ప్రస్తుతానికి సబబు. తిరుపతిలో ఏడాదికి వేలల్లో రోగులను చూసే పెద్ద బోధనాసుపత్రులకు ఇది కష్టమేమీ కాదు. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు 2002 చట్టముంది, ప్రభుత్వ ఆసుపత్రులకు జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. వాటి దృష్టి ఎక్కువగా గదులు, పరికరాలు, శుభ్రత, రికార్డుల మీదనే. గొట్టాన్ని క్రిమిరహితం చేశారా అన్నది చూడాల్సిందే. గొట్టం లోపల డాక్టరు ఏం చూశాడన్నది కూడా చూడాలి కదా. పద్మవిభూషణ్ డి. నాగేశ్వర్ రెడ్డి వంటి ఎండోస్కోపీ దిగ్గజం పనిచేసే హైదరాబాదుకు విదేశాలనుంచి డాక్టర్లు నేర్చుకోవడానికి వస్తారు. చేయి తిరిగినవాళ్లకు కొదవలేదు. కొదవ ఉన్నది విభాగాలన్నీ ఒకే పద్ధతిలో లెక్క రాసి పోల్చుకునే అలవాటుకే.

తేలనివి

కృత్రిమ మేధ తెరమీద పాలిప్ చుట్టూ గీతగీసి చూపిస్తోంది. 2020లో ఇటలీలో జరిగిన ప్రయోగంలో ఏడీఆర్ 40 నుంచి దాదాపు 55కు పెరిగింది. 2025లో పోలండ్ నుంచి వచ్చిన అధ్యయనం వేరే కబురు చెప్పింది. ఆ యంత్రానికి అలవాటుపడ్డ డాక్టర్లు అది లేకుండా చేసినప్పుడు వాళ్ల రేటు 28.4 నుంచి 22.4కు పడిపోయిందట. యంత్రం కొనగానే అంకె పెరగడాన్ని నాణ్యత అనాలా? దీనిపై తీర్పుకు తొందరపడక్కర్లేదు.

కొలనోస్కోపీతో స్క్రీనింగ్ ఎంత మేలు చేస్తుందన్నదే మరోసారి చర్చకొచ్చింది. 2022లో వెలువడిన నార్డిక్ ప్రయోగంలో పోలండ్, నార్వే, స్వీడన్‌లలో ఆహ్వానం అందుకున్నవారికి పదేళ్లలో క్యాన్సర్ ముప్పు 1.20 శాతం నుంచి 0.98 శాతానికి మాత్రమే తగ్గింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిలిస్తే వచ్చింది 42 శాతమే అని, కొందరు డాక్టర్ల ఏడీఆర్ 25 కూడా లేదని విమర్శకులు ఎత్తిచూపారు. అంటే నాణ్యత కొలత సరిగా లేకపోతే పరీక్ష మంచిచెడ్డలు కూడా తేల్చలేం.

మన దగ్గర మాత్రం కొన్ని పనులకు ఈ తగాదాలు తేలేదాకా ఆగనక్కర్లేదు. సీకం ఫొటో, చిన్నపేగు చివర ఫొటో, బోస్టన్ మార్కులు, వెనక్కి లాగిన నిమిషాలు, తీసిన ప్రతి పాలిప్ సైజు, దాని బయాప్సీ ఫలితం. ఎండోస్కోపీ గది రిజిస్టరులో ఈ గళ్లు చేరిస్తే ఏడాది తిరిగేసరికి ఆ విభాగానికి తన సొంత గీత దొరుకుతుంది. ఏడీఆర్ ఆ తర్వాత చూసుకోవచ్చు.

కొలనోస్కోపీ చేయించుకున్నవారికి ఒక మాట. రిపోర్టు చేతికి రాగానే ‘నార్మల్’ అన్న మాట దగ్గరే ఆగిపోకండి. గొట్టం ఎక్కడిదాకా వెళ్లిందని రాశారో, ఫొటో ఉందో, పేగు శుభ్రంగా ఉందని రాశారో చూడండి. లేకపోతే మర్యాదగానే అడగండి. ముక్క తీసి పంపితే, ఆ ల్యాబ్ రిపోర్టు వచ్చాక దాన్ని కవర్లో దాచుకోకుండా పరీక్ష చేసిన డాక్టరుకే తీసుకెళ్లి చూపించండి.